గేటుకు తెలియని మనుషులు

ధాన్యం యార్డు గేటు దగ్గర పొడుగాయన్ని ఆపినప్పుడు నేను దుకాణం తెరుస్తున్నాను. గేటుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది నా దుకాణం. ఫోన్లూ చార్జర్లూ అమ్ముకుంటాను. అందుకని గేటు దగ్గర ఏం జరిగినా ముందు నా కళ్ళబడుతుంది.

పొడుగాయన ఆ యార్డులో బస్తాలు మోసే హమాలీ. భుజాన మడత పెట్టిన గోనె, నడుముకు ఇనప కొక్కెం. ఎప్పటిలాగే జేబులోంచి ఫోను తీసి గేటు స్తంభానికున్న అద్దం ముందు పెట్టాడు. పచ్చ దీపం వెలగాలి, అడ్డుకర్ర లేవాలి. ఎర్ర దీపం వెలిగింది. అడ్డుకర్ర కదల్లేదు.

"తుడిచి పెట్టన్నా, చెమట అంటుకుందేమో," అన్నాడు వెనక నిలబడ్డవాడు.

తుడిచి పెట్టాడు. మళ్ళీ ఎర్రదే. ఫోను తెర మీద ఒక ముక్క కనిపించింది: ఈ పరికరం సురక్షితం కాదు.

గార్డు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "పక్కకు జరుగు. వెనక లైను ఆగిపోతోంది."

"నేనెవరో నీకు తెలీదా? మొన్న నీ సైకిలు బురదలో దిగబడితే లాగిందెవరు?"

"నాకు తెలిసి ఏం లాభమన్నా. గేటుకు తెలియాలి."

పొడుగాయన నవ్వాడు. వంగి అడ్డుకర్ర కింద నుంచి దూరాడు. ఏళ్ళ తరబడి నడిచిన దారి, కాళ్ళు వాటంతటవే పోయాయి. లోపలి నుంచి ఇంకో ఇద్దరు గార్డులు పరుగెత్తుకొచ్చి, భుజం మీది గోనె పట్టుకుని వెనక్కి గుంజారు. మనిషి వెల్లకిలా రాళ్ళ మీద పడ్డాడు. పడేటప్పుడు కూడా ఫోనున్న చెయ్యి పైకెత్తే పట్టుకున్నాడు, అద్దం పగలకుండా.

తల పగిలింది. ఫోను పగల్లేదు.

ఎండ ఎక్కేసరికి సగానికి సగం మంది హమాలీలు గేటు బయట మిగిలిపోయారు. ఎవరు మిగిలారా అని చూశాను. చూడగానే తెలిసింది. అందరివీ పిన్నమ్మ చెయ్యి పడ్డ ఫోన్లు.

పిన్నమ్మ అంటే నా దుకాణం అరుగు మీద బల్ల వేసుకుని ఫోన్లు బాగుచేసే ఆవిడ. సిమ్ము బయటికి తీసే పిన్ను జడలో గుచ్చుకుని తిరుగుతుంది. అందుకని ఆ పేరు. తండ్రి వయసువాళ్ళు కూడా పిన్నమ్మా అనే పిలుస్తారు. ఆమె తిడుతుంది, వాళ్ళు నవ్వుతారు, పేరు మాత్రం పోలేదు.

ఫోను చేసిన కంపెనీ కొన్నాళ్ళు అప్‌డేట్లు పంపి మానేస్తుంది. ఫోను రాయిలా ఉంటుంది, లోపలి ఆపరేటింగ్ సిస్టం ముసలిదైపోతుంది. కొత్తది కొనుక్కోమని దాని భావం. కొనలేనివాళ్ళు పిన్నమ్మ దగ్గరికి వస్తారు. ఆమె కంపెనీ సిస్టం పీకేసి, దాని చోట ఎవరైనా చదవగలిగే, ఎవరైనా దిద్దగలిగే సిస్టం ఎక్కిస్తుంది. దేశదేశాల వాళ్ళు కలిసి రాసుకున్నది అది. దొంగలు దూరే కంత ఎక్కడ కనబడితే అక్కడ పూడుస్తూ ఉంటారు. ఆ పాత ఫోన్లకు నెలనెలా అప్‌డేట్ వస్తుంది. నేను అమ్మే చవకరకం కొత్త ఫోన్లలో కొన్నిటికి అదీ రాదు. అమ్మేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

మధ్యాహ్నం యార్డు ఇంజినీరు మైకు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. కుర్రాడు, మెడలో కార్డు, మాట మెత్తన.

"వేరే చోట్ల దొంగలు గేటు యాప్‌లోకి దూరి సరుకు బిల్లులు మార్చేశారు. అందుకని యార్డు కాంట్రాక్టరు గారు యాప్‌ను గట్టిచేశారు. కంపెనీ ముద్ర లేని సిస్టం ఉన్న ఫోనును ఇకమీదట యాప్ నమ్మదు. ఇదంతా మీ భద్రత కోసమే."

హమాలీల మేస్త్రి లోపలి నుంచి బయటికి వచ్చాడు. ఆయన ఫోనుకు ఉదయం పచ్చ దీపమే వెలిగింది. "మా భద్రత కోసమా బాబూ? అయితే ఆ తల పగిలినవాడికి ఏ అప్‌డేట్ వేస్తారు?"

జనం నవ్వారు. ఇంజినీరు నవ్వలేదు.

మేస్త్రి కూతురు కాలేజీలో కంప్యూటర్లు చదువుతోంది. గోల విని వచ్చినట్టుంది, పుస్తకాల సంచీ ఇంకా భుజానే ఉంది. "సార్, ఒక మాట. మీ యాప్ ఫోనులో కంతలున్నాయా అని చూస్తోందా, ముద్ర ఉందా అని చూస్తోందా?"

"ముద్ర ఉంటే కంతలు లేనట్టే అనుకోవాలి."

"మా నాన్న ఫోనుకు ముద్ర ఉంది. అప్‌డేట్ వచ్చి ఏళ్ళయింది. దానికి పచ్చ వెలిగింది. పొడుగు మావయ్య ఫోనుకు మొన్ననే అప్‌డేట్ వచ్చింది. దానికి ఎర్ర వెలిగింది. ఏది సురక్షితం?"

ఇంజినీరు మైకు కిందికి దించాడు. "అది పాలసీ. నేను రాసింది కాదమ్మా."

"ఎవరు రాశారు?"

"పైనుంచి వచ్చింది."

అంతా ఒకసారి పైకి చూశారు. యార్డు ఆఫీసు మేడ మీద ఏసీ పెట్టెలు నీళ్ళు కారుస్తున్నాయి.

ఆ రోజే యార్డు మేనేజరు నా కౌంటరు ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"షావుకారూ, మీ పంట పండింది. గేటుకు పనికొచ్చే ఫోన్లు ఏవో మేం చెబుతాం. మీరు అమ్మండి. డబ్బు కూలీలో పట్టుకుని మేమే మీకిస్తాం. వసూళ్ళ తలనొప్పి కూడా లేదు."

నాకు కోపం వచ్చిందని చెబితే అబద్ధం. ముందు లెక్కే వేశాను. ఎర్ర దీపం చూసిన ప్రతి హమాలీ నా దగ్గర ఒక ఫోను కొంటాడు. బాగుంది. తరవాత? కంపెనీ దృష్టిలో ఫోను బతికేది కొన్నాళ్ళే. యార్డు ఎప్పుడు చెల్లదంటే అప్పుడు చెల్లదు. మళ్ళీ ఎర్ర దీపం, మళ్ళీ కొత్త ఫోను. హమాలీ జన్మంతా ఫోను కోసం బస్తాలు మోస్తాడు. అది వాళ్ళ నష్టం. మరి నా సంగతి? ఏది అమ్మాలో చెప్పేది యార్డు. వసూలు చేసేది యార్డు. ఎప్పుడు చెల్లదో తేల్చేది యార్డు. ఇంక మధ్యలో నేనెందుకు? రేపో మాపో లోపలే ఒక కొట్టు పెట్టుకుంటారు. ఇవాళ హమాలీని గేటు బయట నిలబెట్టినవాడు రేపు నన్ను కౌంటరు బయట నిలబెట్టడని ఏ హామీ?

ఎటు తిప్పి వేసినా శేషం ఒకటే వచ్చింది. నేనూ గేటు బయటివాణ్ణే.

"ఆలోచించి చెబుతాను," అన్నాను. వ్యాపారంలో ఆ మాటకు అర్థం ఆయనకూ తెలుసు. కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

సాయంత్రం లారీల షెడ్డులో అందరూ కూడారు. మనుషులు బస్తాల మీద, టైర్ల మీద, నేల మీద కూర్చున్నారు. నన్ను చూసి ఒకడు "షావుకారు గారు సరుకు అమ్ముకోడానికి వచ్చినట్టున్నారు" అన్నాడు. విననట్టు ఒక పక్కన నిలబడ్డాను.

"గేటు పీకి పారేద్దాం," అన్నాడు ఒక ముసలి హమాలీ. "కొక్కేలున్నాయి, చేతులున్నాయి."

"పీకితే కొత్తది పెడతారు తాతా. నిన్ను మాత్రం కొత్తగా పెట్టరు," అన్నారు ఎవరో.

పచ్చ దీపం వాళ్ళు ఒక మూల గుంపుగా ఉన్నారు. వాళ్ళలో ఒకడు లేచాడు. అప్పు చేసి కొత్త ఫోను కొన్నవాడు, అందరూ కొత్తల్లుడు అంటారు, ఆ ఫోనును అంత మురిపెంగా చూసుకుంటాడు. "తగవు యార్డుకూ పిన్నమ్మకూ. మధ్యలో మా పని ఎందుకు చెడగొడతారు? పనికిమాలిన సిస్టాలు ఎక్కించుకోమని ఎవరన్నారు?"

"నీ నోటికి కూడా ఒక అప్‌డేట్ వేయించుకోరా అల్లుడూ," అన్నాడు పొడుగాయన. తల చుట్టూ కట్టు, కట్టు మీద ఎర్రటి మరక.

పిన్నమ్మ లేచి నిలబడింది. "గేటు అడిగేది ముద్ర. అంతేగా? ముద్ర నేనిస్తాను. నా దగ్గర కంపెనీ సిస్టం ఉన్న మంచి ఫోను ఒకటుంది. తెర పగిలిందని ఇచ్చేసి పోయారు. దాని గుర్తింపు తీసి మీ ఫోన్లకు ఎక్కిస్తాను. యాప్ అడిగితే మీ ఫోను, నేను ఆ ఫోనునే అంటుంది. రేపు పొద్దున్నే అందరికీ పచ్చ."

షెడ్డంతా కదిలింది. మేస్త్రి కూతురు చెయ్యెత్తింది.

"వద్దు పిన్నమ్మా. ఇవాళ్టిదాకా మన ఫోన్లు శుభ్రం. వాళ్ళు అబద్ధం చెబుతున్నారు. రేపు మన ఫోన్ల చేత మనం అబద్ధం చెప్పిస్తే, వాళ్ళ మాటే నిజమవుతుంది."

"నువ్వు నిజం పట్టుకుని ఏళ్ళూ పూళ్ళూ కోర్టుల చుట్టూ తిరగ్గలవు. పొడుగాయన పొయ్యి రేపు వెలగాలి."

"రేపు వెలుగుతుంది. ఎల్లుండి?"

"ఎల్లుండి సంగతి ఎల్లుండి చూస్తాను. ఏ పనైనా అట్లాగే చేస్తాను నేను."

"నేను తాళం వద్దనట్లేదు అక్కా. దొంగలు ఉన్నారు, ఇంజినీరు చెప్పింది అంతవరకూ నిజమే. కానీ ఫోను మనది, తాళంచెవి మాత్రం వాళ్ళది అంటే ఎట్లా? బాహాటంగా అడుగుదాం. లోపలికి పోయేది మనిషి, మనిషిని చూసి పంపమందాం. ఫోనే కావాలంటే యార్డే ఇవ్వాలి. ఆ యాప్ మన ఫోన్లలో కూర్చుని ఏం చేస్తుందో చదివి చూసే హక్కు మనకుండాలి."

ఇద్దరి మాటలూ తూచి చూశాను. ముల్లు మధ్యలోనే ఆగింది. ఆకలికి మాత్రం త్రాసు అక్కర్లేదు. చేతులెత్తమంటే ఎక్కువ చేతులు పిన్నమ్మ వైపే లేచాయి. ఆ అమ్మాయి సంచీ భుజాన వేసుకుని బస్తా మీద అట్లాగే కూర్చుండిపోయింది.

మర్నాడు గేటు పచ్చగా వెలుగుతూనే ఉంది. "నా ఫోను ఒక్క రోజులో మంచిదైపోయింది, పెళ్ళి చేసెయ్యొచ్చు," అన్నాడు ఒకడు. కొత్తల్లుడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. అట్లా కొన్ని రోజులు గడిచాయి.

తప్పు ఎక్కడ జరిగిందో తరవాత తెలిసింది. మా వీధిలో పని జరిగే పద్ధతే అది. చచ్చిన ఫోను తెర తీసి బతికున్న ఫోనుకు వేస్తారు. ఒకదాని బ్యాటరీ ఇంకోదానికి. తీసిన భాగం తీసిన చోట ఉండదు కాబట్టి ఒక భాగం ఒక్క ఫోనుకే పోతుంది. పిన్నమ్మ చేతులకు ఆ అలవాటే. గుర్తింపును కూడా ఒక భాగం అనుకుంది. అది తీస్తే తరిగేది కాదు, ఎన్నిటికి వేస్తే అన్నిటిలోనూ ఉంటుంది. యార్డు కంప్యూటర్లో ఒకే ఒక్క ఫోను మా ఎదురుగా ఉన్న తూర్పు గేటులోనూ వెనకున్న చిన్న పడమటి గేటులోనూ ఒకే క్షణాన, తెల్లారి నుంచి పొద్దుగూకేదాకా, లోపలికి పోతూనే ఉంది. ఆ ఫోను అసలు బయటికి రావడానికి తీరికే లేనట్టు పోతూనే ఉంది. అది చూడ్డానికి ఇంజినీరు కూడా అక్కర్లేదు.

పోలీసు జీపు గేటు ముందు ఆగలేదు. నా దుకాణం ముందు ఆగింది.

పిన్నమ్మ భూతద్దం కంటికి పెట్టుకుని ఎవరిదో ఫోను విప్పి ఉంది. ఇన్‌స్పెక్టరు బల్ల మీద లాఠీ పెట్టాడు. "లే."

"ఒక్క నిమిషం సార్. ఈ స్క్రూ బిగించకపోతే పిల్ల పరీక్ష ఫోను పోతుంది."

"ఎవరెవరి ఫోన్లకు చేశావు?"

ఆమె స్క్రూ బిగించి, మూత వేసి, తెర మీద వేలితో గీసి చూసింది. వెలిగింది. ఫోను నా చేతికిచ్చింది. "పని నాది. వాళ్ళకు ఏం తెలీదు. బాగుచెయ్యమని ఇచ్చారు, చేశాను."

సాల్డరింగు కడ్డీ, లాప్‌టాప్, విడిభాగాల డబ్బాలు అన్నీ సంచిలో వేసుకున్నారు. కరెంటు తీగ కూడా పీకారు. యార్డు పని వదిలి హమాలీలు వీధి నిండా వచ్చి నిలబడ్డారు. మేస్త్రి కూతురు జనంలోంచి తోసుకుంటూ వచ్చేసరికి పిన్నమ్మ జీపులో కూర్చుని ఉంది.

"నీ మాటే సరి అయింది," అంది పిన్నమ్మ. "అప్పుడు నేను విన్లేదు. ఇప్పుడు వీళ్ళకు ఇంకోసారి చెప్పు."

"అక్కా..."

"ఏడవకు, చెప్పు. నేను లోపల ఖాళీగానే ఉంటాను."

జీపు కదిలింది. వెంటనే మేనేజరు గేటు పక్క దిమ్మ ఎక్కి మైకులో చదివాడు. ముద్ర దొంగిలించినవాళ్ళందరికీ పని లేదు. యార్డు చెప్పిన ఫోను కొనుక్కుని, చేసింది తప్పని రాసిస్తే, మళ్ళీ తీసుకునే విషయం చూస్తారు. పచ్చ దీపం వాళ్ళు యథాప్రకారం రావచ్చు.

జనం రెండుగా చీలడం నా కళ్ళ ముందే మొదలైంది. రోడ్డుకు ఆ పక్కకు పచ్చ దీపం వాళ్ళు, ఈ పక్కకు మిగతావాళ్ళు. కొత్తల్లుడు ఆ పక్కనే ఉన్నాడు. "చెప్పానా? చెప్పానా నేను?" అంటున్నాడు.

మేస్త్రి కూతురు నా అరుగెక్కి, పిన్నమ్మ బల్ల పక్కన నిలబడింది. "దొంగతనంగా అడిగాం, దొంగలమయ్యాం. రేపు అందరం ఫోన్లు ఆపేసి గేటు దగ్గరికి పోదాం. పచ్చవాళ్ళూ ఎర్రవాళ్ళూ కలిసి. అందరం ఆపేస్తే వాళ్ళకు ఎవరు ఎవరో తెలీదు. అప్పుడు మనుషులతో మాట్లాడాల్సి వస్తుంది."

"మేమెందుకు ఆపాలి?" అన్నాడు కొత్తల్లుడు. "నా ఫోను సొంత డబ్బుతో కొన్నాను."

అప్పుడు నేను మాట్లాడాను. ఉపన్యాసం నాకు రాదు. అరలోంచి ఒక కొత్త ఫోను డబ్బా తీసి ఎత్తి చూపించాను. "అల్లుడూ, నీది ఇదే రకం. ఈ డబ్బా మీద కెమెరా ఎంతో రాశారు, బ్యాటరీ ఎంతో రాశారు. ఎన్నాళ్ళు అప్‌డేట్ ఇస్తారో రాయలేదు. అమ్మే నాకే తెలీదు. అది ఆగిన రోజున నువ్వూ పిన్నమ్మ దగ్గరికే పోవాలి. అప్పుడు ఆ బల్ల దగ్గర ఎవరుంటారు?"

"దుకాణదారుడివై ఉండి కొనొద్దంటావేం షావుకారూ?"

"నా లెక్క నేను వేసుకున్నాను. నువ్వు నీది వేసుకో."

మేస్త్రి తన ఫోను తీశాడు. పక్కనున్న బొత్తాం నొక్కి పట్టుకున్నాడు. తెర నల్లబడేదాకా పట్టుకునే ఉన్నాడు. తరవాత రోడ్డు దాటి ఈ పక్కకు వచ్చి నిలబడ్డాడు.

మర్నాడు తెల్లారేసరికి గేటు ముందు వరస. ముందు మేస్త్రి, వెనక పొడుగాయన, వెనక ఆడవాళ్ళు, వాళ్ళ వెనక జల్లెళ్ళ వాళ్ళు, తూకం వాళ్ళు. నేనూ రోడ్డు దాటి వరస చివర నిలబడ్డాను. మేస్త్రి ఆపేసిన ఫోను అద్దం ముందు పెట్టాడు. పచ్చా వెలగలేదు, ఎర్రా వెలగలేదు.

"ఫోను వేసుకుని రా," అన్నాడు గార్డు.

"వెయ్యను. నన్ను చూసి పంపు."

"నాకు ఆ అధికారం లేదు పెద్దాయనా."

"ఉన్నవాణ్ణి పిలువు."

వెనక లారీలు వచ్చి ఆగుతున్నాయి. మొదటిది గేటును ఆనుకుని, రెండోది దాని వెనక, ఆ తరవాత మలుపు దాటిపోయాయి. డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు. పోలీసులు వచ్చి రోడ్డుకు అటూ ఇటూ నిలబడ్డారు. లాఠీలు కిందికే ఉన్నాయి. ఎంతసేపు కింద ఉంటాయో ఎవరికీ తెలీదు.

మేనేజరు మైకు తీసుకున్నాడు. "పచ్చ దీపం వాళ్ళు ఫోను వేసి లోపలికి రండి. ఇవాళ రెండు పూటల కూలీ. రానివాళ్ళు మళ్ళీ ఎప్పటికీ రానక్కర్లేదు."

ఎవరూ కదల్లేదు. తరవాత ఒకరు కదిలారు. కొత్తల్లుడు వరసలోంచి పక్కకు జరిగి, జేబులోంచి ఫోను తీశాడు. బొటనవేలు బొత్తాం మీద పెట్టాడు. ఒక్కరూ అతన్ని తిట్టలేదు. అందరూ చూస్తున్నారు, అంతే. ఇన్‌స్పెక్టరు కూడా చూస్తున్నాడు. అల్లుడి మెడ మీద చెమట కారడం నాకు కనిపిస్తూనే ఉంది. పొడుగాయన కట్టు సర్దుకుంటూ మెల్లగా అన్నాడు: "నీ ఇష్టం రా. నొక్కినా నువ్వు మావాడివే."

అల్లుడు వేలు తీసేశాడు. ఫోను చొక్కా లోపలికి తోసుకుని మళ్ళీ వరసలోకి వచ్చాడు. "ఛార్జింగు లేదులే," అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు, నవ్వు వరస చివరిదాకా పాకింది.

ఆ నవ్వు విని మేనేజరు మైకు గార్డు చేతిలో పెట్టి లోపలికి పోయాడు. లారీల హారన్లు ఆగడం లేదు. చాలాసేపటికి మేనేజరుతో కలిసి ఇంజినీరు వచ్చాడు. స్తంభం పెట్టె మూత తెరిచి, లోపలి పిడి పట్టుకుని తిప్పాడు. అడ్డుకర్ర కిర్రుమంటూ పైకి లేచి నిట్టనిలువుగా ఆగింది.

"రండి," అన్నాడు మేనేజరు, మైకు లేకుండానే. "ఫోను అక్కర్లేదు. ఇవాళ్టికి."

"ఇవాళ్టికేనా?" అంది మేస్త్రి కూతురు.

"ముందు సరుకు దిగనివ్వండి. రేపటి సంగతి కూర్చుని మాట్లాడదాం."

పొడుగాయన ముందుకు నడిచాడు. తను పడ్డ చోటికి వచ్చి ఆగాడు. కర్ర లేచిన గీత మీదే ఆగాడు. "మాట్లాడదాం. కానీ ఒక మనిషి తక్కువ."

"ఎవరు?"

"పిన్నమ్మ."

"ఆవిడ యార్డు మనిషి కాదు. ఆమె పేరు మా కంప్యూటర్లో లేదు."

"మీ కంప్యూటర్లో లేదు. మాలో ఉంది. ఆమెను స్టేషన్ నుంచి తీసుకురండి, కేసు వెనక్కి తీసుకోండి. అందరం కలిసే లోపలికి వస్తాం."

అంటూ అక్కడే రాళ్ళ మీద కూర్చున్నాడు. మేస్త్రి కూర్చున్నాడు. ఆడవాళ్ళు కూర్చున్నారు. కొత్తల్లుడు తుండు పరిచి మరీ కూర్చున్నాడు. గేటు బార్లా తెరిచి ఉంది, దాని ముందు జనం నేల నిండా ఉన్నారు.

మొదటి లారీ డ్రైవరు దిగి వచ్చాడు. "ఏంటి గొడవ? గేటు తెరిచే ఉందిగా?"

మేస్త్రి కూతురు జరిగింది చెప్పింది. ఆయన తల గోక్కుంటూ విన్నాడు. తన ఫోను తీసి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "మాకు కూడా వచ్చే నెల నుంచి ఇదే యాప్ అన్నారు. లారీ నడిపేది నేనా ఫోనా అని మా ఆవిడ నవ్వింది."

వెనక్కి పోయి ఇంజను ఆపేశాడు. తాళంచెవి జేబులో వేసుకుని వచ్చి పొడుగాయన పక్కన కూర్చున్నాడు. వెనక రెండో లారీ ఇంజను ఆగింది. తరవాత మలుపు అవతల, మాకు కనిపించని చోట, ఒకదాని వెనక ఒకటి ఆగిపోతున్న చప్పుడు వినబడింది.